ర్యాంకు దాటినా తెరుచుకోని గేట్లు: ఉత్తరాంధ్ర దళితులూ ఎంబీఏ ప్రవేశాలూ

ఎంబీఏలో సీటు దొరకని దళిత కుర్రాణ్ణి చూసి 'ర్యాంకు రాలేదు కాబోలు' అనేస్తారు. 'ప్రతిభ' అనే మాట దగ్గరే చర్చ ఆగిపోతుంది. మేము చెప్పదలచింది ఒకటే: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనవాళ్ళని ఆపింది పరీక్ష ఒక్కటే కాదు, పరీక్ష దాటాక వచ్చే గేట్లు.

ఐఐఎంలు పుట్టకముందే, 1957లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎంబీఏ మొదలుపెట్టింది. విశాఖ మనకి దగ్గరే. సీటు మాత్రం దగ్గర కాలేదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లు స్థానికులకిచ్చింది. కానీ 'స్థానికం' అంటే శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఒకటే ముద్ద. పాతపట్నం కూలోళ్ళ పిల్లలూ, విజయవాడలో కోచింగ్ తీసుకున్న పిల్లలూ ఒకే వరసలో నిలబడాలి. ఎస్సీల 15 శాతంలోనూ ఇదే పోటీ. పాకీపనికి కట్టిపడేసిన రెల్లి కులస్థులు ఎక్కువగా ఉన్నది ఈ ఉత్తర జిల్లాల్లోనే. వాళ్ళకి 2000 చట్టం ఇచ్చిన 1 శాతం వాటా 2004లో చిన్నయ్య కేసు తీర్పుతో పోయింది. 2024 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2025లో గానీ మళ్ళీ రాలేదు. రెండు దశాబ్దాల పిల్లల చదువుని ఎవరు తిరిగిస్తారు?

క్యాపిటేషన్ ఫీజుని నిషేధించిన 1983 చట్టం ప్రవేశపరీక్షల పద్ధతికీ పునాది వేసింది. ఆ దారిలో వచ్చిందే ఐసెట్. 200 మార్కుల్లో 50 వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకి కనీస మార్కుల షరతు లేదు. లెక్కలూ, విశ్లేషణా తెలుగులో కూడా చదువుకోవచ్చు. కమ్యూనికేషన్ భాగం మాత్రం ఇంగ్లీషే. తెలుగు మీడియం బడి పిల్లలు ర్యాంకులో వెనకబడేది ఇక్కడే. అంటే పరీక్ష కొలిచేది తెలివి ఒక్కదాన్నే కాదు, చదివిన బడిని కూడా.

అయినా ర్యాంకు తెచ్చుకున్నారనుకుందాం. ప్రైవేటు కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, 30 శాతం యాజమాన్యానివి. యాజమాన్యం సీట్లకి మన రోస్టరు లేదు. డబ్బే అక్కడ రోస్టరు! కన్వీనర్ సీటొచ్చినా ఫీజు కట్టాలి కదా. అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో, 1944లో, షెడ్యూల్డు కులాలకి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ దారిలో వచ్చిందే. 2020 డిసెంబరులో జీవో 77 దాన్ని ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకి ఆపేసింది. మిగిలింది ప్రభుత్వ, విశ్వవిద్యాలయ కాలేజీల సీట్లే. 2008లో ఎచ్చెర్లలో అంబేడ్కర్ పేరుతో విశ్వవిద్యాలయం వెలిసింది నిజమే. కానీ రెండు జిల్లాల పిల్లలకి అక్కడి సీట్లు ఏ మూలకి?

1944లో సాధించుకున్నదాన్ని 2020లో ఒక్క కాగితం ఆపగలిగింది. ఎందుకంటే అది జీవోగా ఉంది, హక్కుగా లేదు. అందుకే ఫీజు చెల్లింపుకి చట్టం కావాలి. యాజమాన్య కోటాలో రోస్టరు కావాలి. ప్రభుత్వ సీట్లు పెరగాలి. ప్రతిభ గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఈ గేట్లు తియ్యమనండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.