బిస్టుపూర్‌లో ఓ సాయంత్రపు కబుర్లు

డిసెంబరు సాయంత్రం ఐదున్నరకే జంషెడ్‌పూర్‌లో చీకటి పడిపోయింది. బిస్టుపూర్ మెయిన్ రోడ్డు పక్కన టీ బండి దగ్గర నిలబడ్డారు మీరు. చేతిలో మట్టి ముంత, దాన్నిండా అల్లం టీ. ముంత అంచు పెదవికి గరుగ్గా తగులుతోంది. వేళ్ళకి మాత్రం ఆ వేడి హాయిగా ఉంది. మీ పక్కన ఇద్దరు స్నేహితులు ఫకీరా చనాచూర్ పొట్లం విప్పి బండి చెక్క మీద పెట్టారు. చుట్టూ హిందీ, బెంగాలీ వినిపిస్తున్నాయి. వీళ్ళిద్దరి మధ్య మాత్రం సిక్కోలు తెలుగు నడుస్తోంది.

“ఏటి గురూ, మొహం అలా పీక్కుపోయింది?”

“ఏటీ లేదురా. ఏ షిఫ్టు కదా, నిద్ర చాల్లేదు.”

ఒకతను కంపెనీలో క్రేన్ ఆపరేటరు. ఈ ఊళ్ళో కంపెనీ అంటే టాటా స్టీలే, వేరే పేరు చెప్పక్కర్లేదు. పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఎక్కి రెండింటికి దిగాడు. రెండో అతను కదమాలో పిల్లలకి లెక్కలు చెప్పే టీచరు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. 1907లో పుట్టి 1912లో తొలి ఉక్కు తీసిన ఈ కార్ఖానాకి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇలాగే వలస వచ్చాయి. ఆ పల్లెల్లో ఇప్పటికీ ‘టాటా వెళ్ళాడు’ అంటే జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం దొరికిందనే అర్థం. వీళ్ళిద్దరూ పక్కపక్క క్వార్టర్లలో పెరిగారు. బిస్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమి పానకం కలిసి తాగారు. రాత్రిళ్ళు స్లాగు పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడితే మేడ మీదకి కలిసి పరిగెత్తారు.

టీచరు నిద్ర సంగతి రెట్టించి అడగలేదు. సినిమా ఎత్తుకున్నాడు.

“మీ షాపులో బీహారీ కుర్రాళ్ళు ఇంకా పుష్ప నడకే నడుస్తున్నారా?”

ఆపరేటరు మొహంలో కాస్త కళ వచ్చింది. 2024 నవంబరు 17న పాట్నా గాంధీ మైదానంలో ‘పుష్ప 2’ ట్రైలర్ విడుదల చేస్తే జనం విరగబడ్డారు. ఆ మర్నాటి నుంచి షాపులో, అంటే కార్ఖానాలో తను పనిచేసే విభాగంలో, తనకి గౌరవం పెరిగిందంటాడు. అల్లు అర్జున్ మీ ఊరివాడేనా అని అడిగినవాళ్ళందరికీ అవుననే చెప్పాడట. శ్రీకాకుళానికీ హైదరాబాద్‌కీ ఎంత దూరమో వాళ్ళకెందుకు?

“మనవాళ్ళేం తక్కువ తిన్నారా? ప్రియాంకా చోప్రా 1982లో ఇక్కడే పుట్టింది. ఇప్పుడు రాజమౌళి సినిమాలో మహేష్‌బాబు పక్కన చేస్తోంది. మాధవన్ పుట్టిందీ ఇక్కడే, 1970లో. వాళ్ళ నాన్న మన కంపెనీయే. ‘సవ్యసాచి’లో నాగచైతన్య మీద విలన్‌గా చేశాడు చూడు.”

“ఇంతియాజ్ అలీని వదిలేశావ్.”

“వదల్లేదురా, దాచుకున్నాను. ‘తమాషా’ మొన్న మళ్ళీ చూశాను.”

2015లో ఇంతియాజ్ తీసిన ‘తమాషా’ కథ మీకు తెలిసే ఉంటుంది. సెలవులకి వెళ్ళిన చోట అల్లరిగా, ఆటపాటగా ఉన్న మనిషి, ఆఫీసుకి తిరిగొచ్చేసరికి టై కట్టిన మరమనిషి అయిపోతాడు. ఆపరేటరు చనాచూర్‌లోంచి పల్లీలు ఏరుతూ, నెమ్మదిగా, “డ్యూటీయే మనిషి అయిపోతే, ఆ డ్యూటీ తీసేశాక ఏం మిగుల్తుందిరా?” అన్నాడు.

టీచరు ముంత దింపి అతనికేసి చూశాడు. ఆపరేటరు చప్పున “పద, కీనన్ దాకా నడుద్దాం” అంటూ డబ్బులు తీశాడు.

ముంత పారేసి మీరూ వాళ్ళ వెంట నడవండి. చెట్ల కింద రోడ్డు విశాలంగా ఉంది. బళ్ళ రద్దీ వెనకబడింది. చలిగాలికి మఫ్లర్లు బిగించుకున్నారిద్దరూ. టీచరుకి మనస్తత్వశాస్త్రం పుస్తకాల పిచ్చి. దారి పొడవునా అదే చెబుతున్నాడు. సినిమావాళ్ళని మనవాళ్ళనుకోవడం గురించి 1956లోనే హోర్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికన్లు రాశారట. తెర మీద పదేపదే కనిపించే మనిషితో మనకి స్నేహం కుదిరినట్టే ఉంటుంది. అతని నవ్వు తెలుసు, కోపం తెలుసు. కాని అది ఒకవైపు స్నేహం. మనం బెంగగా ఉన్నామని అతనికి తెలియదు.

“అందుకేరా, నువ్వు కావాలి నాకు,” అన్నాడు ఆపరేటరు. టీచరు భుజం మీద చెయ్యి వేశాడు.

కీనన్ స్టేడియం గోడ వచ్చింది. 1939లో కట్టారు దీన్ని. కంపెనీ జనరల్ మేనేజర్‌గా పనిచేసిన జాన్ కీనన్ పేరు పెట్టారు. ఇవాళ లోపల ఆట లేదు. కాని ఈ ఇద్దరికీ ఆ గోడ అవతల 2005 ఏప్రిల్ 9 ఇంకా నడుస్తూనే ఉంది. అప్పుడు స్కూలు పిల్లలు వీళ్ళు. నాలుగు రోజుల ముందే, ఏప్రిల్ 5న, విశాఖపట్నంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. తర్వాతి మ్యాచ్ ఇక్కడ. రాంచీ కుర్రాడు, విశాఖలో సెంచరీ, ఇప్పుడు మన కీనన్‌లో! ఈ పిల్లలిద్దరికీ మూడువైపులా సంబరమే.

“సల్మాన్ బట్ సెంచరీ కొట్టేశాడు. 319 చేశారు వాళ్ళు.”

“రాణా నవేద్ ఆరు వికెట్లు తీశాడు. 106 పరుగులతో పోయింది. ఇంటికెళ్ళి నువ్వు అన్నం మానేశావ్.”

“నువ్వు ఏడ్చావ్. నేను చెప్పలేదు ఎవరికీ.”

ఇద్దరూ నవ్వుకున్నారు. విశాఖకీ ఈ ఊరికీ క్రికెట్‌లో ఇంకో ముడి కూడా ఉంది. ఇక్కడి ఎడమచేతి బ్యాటరు సౌరభ్ తివారీ 2010 అక్టోబరు 20న తన మొదటి వన్డే ఆడింది విశాఖలోనే, ఆస్ట్రేలియా మీద. ఆ రోజు సెంచరీ విరాట్ కోహ్లీది. తివారీ 12 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. లోకం కోహ్లీ 118నే గుర్తు పెట్టుకుంది. వీళ్ళు ఆ 12ని గుర్తు పెట్టుకున్నారు.

అక్కడి నుంచి మాట ఫుట్‌బాల్‌కి మళ్ళింది. ఈ ఊళ్ళో అది మళ్ళక మానదు. 1987 నుంచి ఇక్కడి టాటా ఫుట్‌బాల్ అకాడమీ దేశానికి ఆటగాళ్ళని ఇస్తోంది. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్ అక్కడ తయారైనవాళ్ళే. 2017లో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ వచ్చాక జేఆర్‌డీ కాంప్లెక్స్ గ్యాలరీలు షిఫ్టు దిగినవాళ్ళతో నిండిపోయాయి. 2021-22 సీజను మాత్రం కోవిడ్ వల్ల మొత్తం గోవాలోనే జరిగింది. 2022 మార్చి 7న మోహన్‌బగాన్ మీద ఋత్విక్ దాస్ ఒక్క గోలు కొట్టాడు. ఆ గోలుతో లీగ్ షీల్డ్ ఈ ఊరిదైంది. ఊరు టీవీల ముందే గంతులేసింది. మార్చి 20న గోవాలోనే ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీ షూటౌట్‌లో కేరళని ఓడించి కప్పు ఎత్తుకుంది. హైదరాబాద్ గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు.

“షీల్డ్ ఇక్కడికి, కప్పు అక్కడికి. రెండుసార్లు మిఠాయి పంచావ్ నువ్వు,” అన్నాడు టీచరు. “వారం రోజులు ఎర్ర జెర్సీ విప్పలేదు. ఓడిపోయిన మర్నాడు ఎప్పుడైనా వేశావా?”

“ఓడిపోయినప్పుడు ఉతుకుతార్రా దాన్ని!”

టీచరు వదల్లేదు. 1976లో రాబర్ట్ చల్డీని బృందం సరిగ్గా ఇదే గమనించిందట. అమెరికా యూనివర్సిటీల్లో శనివారం తమ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే, సోమవారం కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చే పిల్లలు పెరిగేవారు. గెలుపులో మనిషి తనని కలుపుకుంటాడు, ఓటమి నుంచి కాస్త పక్కకి జరుగుతాడు. దానికి సిగ్గుపడక్కర్లేదంటాడు టీచరు. తనకంటే పెద్దదాన్ని దేన్నో పట్టుకుని నిలబడాలని ప్రతి మనిషికీ ఉంటుంది. జట్టు, ఊరు, కంపెనీ, ఏదో ఒకటి.

ఆ ‘కంపెనీ’ దగ్గర ఆపరేటరు నడక నెమ్మదించింది.

“ధోనీ ఎలా వెళ్ళిపోయాడో గుర్తుందా? 2020 ఆగస్టు 15, రాత్రి ఏడు ఇరవై తొమ్మిది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క పోస్టు. అంతే.” కాసేపు ఆగాడు. “వాడికి తోట ఉంది, బైకులున్నాయి, చెన్నై జట్టుంది. మా నాన్నకేటుందిరా?”

ఇదీ అసలు మాట. టీ బండి దగ్గర నిద్ర పేరుతో తలుపు దాకా వచ్చి ఆగింది. ‘తమాషా’ పేరుతో మళ్ళీ వచ్చి వెనుదిరిగింది. ధోనీ చెయ్యి పట్టుకుని ఇప్పటికి బయటపడింది. ‘నీ బాధేమిటి చెప్పు’ అని టీచరు మొదట్లోనే నిలదీసి ఉంటే ‘ఏటీ లేదు’తోనే ముగిసేది. మీరూ మాట్లాడకండి. అతన్ని చెప్పనివ్వండి.

నాన్న అరవై నిండి ఈ ఏడే రిటైరయ్యారు. ఉక్కు తయారుచేసే ఎల్‌డీ షాపులో జీవితమంతా గడిపిన మనిషి. మొదటి నెల బాగానే ఉన్నారు. సింహాచలం, అరసవల్లి వెళ్ళొచ్చారు. తర్వాత కూడా తెల్లారకముందే లేచి సేఫ్టీ బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టేవారు. కొడుకు డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న: ‘ఈవేళ ఎన్ని హీట్లు?’ కొలిమిలో ఒక్కసారికి తయారయ్యే ఉక్కు ఒక హీటు. ఎన్ని హీట్లు పడితే షాపు అంత బాగా నడిచినట్టు. కొడుకు విసుక్కునేవాడు. రోజూ అదే ప్రశ్న.

“ఇప్పుడు అడగడం మానేశాడురా. నెలైంది. బూట్లు మంచం కిందకి తోసేశాడు. అర్ధరాత్రి లేచి వరండాలో కూర్చుంటాడు. ఆ అలికిడికి నాకూ మెలకువ వచ్చేస్తోంది. షాపులో ఒకడికి చెప్తే, కాంకే తీసుకెళ్ళమని నవ్వాడు.”

“ఆ నవ్వు మనం నవ్వొద్దు,” అన్నాడు టీచరు. గొంతు గట్టిగానే ఉంది. రాంచీ దగ్గర కాంకేలో 1918 నుంచీ, విశాఖ చినవాల్తేరులో 1871 నుంచీ మానసిక వైద్యశాలలున్నాయి. ఇక్కడ కాంకే, అక్కడ చినవాల్తేరు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. మూడు చోట్లా ఎన్ని వేలమంది కోలుకుని ఇళ్ళకి చేరారో ఎవరూ చెప్పుకోరు. ఆ చోట్ల పేర్లు మాత్రం తిట్లయిపోయాయి. ఆ వెక్కిరింతకి భయపడే జనం డాక్టరు గడప తొక్కరు. చక్కెర జబ్బుకి వెళ్ళినట్టే నిద్ర పట్టకపోయినా వెళ్ళాలి, అందులో నామోషీ ఏమీ లేదు. అడుగు బయటపెట్టలేనివాళ్ళకి 2022లో కేంద్రప్రభుత్వం తెచ్చిన టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే చాలు, డబ్బు కట్టక్కర్లేదు.

టీచరు ఇంకో మాట కూడా చెప్పాడు. రిటైర్మెంట్‌కి దశలుంటాయని రాబర్ట్ ఆచ్లీ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో రాశాడు. మొదట సెలవుల సంబరం. ఆ తర్వాత చాలామందిని ఒక ఖాళీ కమ్ముకుంటుంది. దాన్ని దాటాక మనిషి తన రోజుని కొత్తగా పేర్చుకుంటాడు. అందరికీ అదే వరసలో రావాలని లేదు. కాని నాన్నగారు ఒక్కరే ఈ ఖాళీలో పడలేదన్నది మాత్రం నిజం.

“ఆయనకి ఏదంటే ఇష్టంరా, కంపెనీ కాకుండా?”

ఆపరేటరు చాలాసేపు ఆలోచించాడు. తర్వాత పక్కనున్న గోడకేసి చూశాడు. ఫోన్ తీసి స్పీకరు పెట్టాడు.

“నాన్నా, ఎనభై మూడులో కీనన్‌లో మ్యాచ్ చూశానన్నావ్ కదా. ఏ వైపు కూర్చున్నావ్?”

“ఎందుకురా ఇప్పుడు?” గొంతు మందంగా ఉంది.

“ఇక్కడే ఉన్నాంలే. పందెం వేసుకున్నాం.”

అవతల మంచం కిర్రుమంది. ఆయన లేచి కూర్చున్నట్టున్నారు. 1983 డిసెంబరు 7. కపిల్ దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచి ఆరు నెలలైనా కాలేదు. కసి మీదున్న వెస్టిండీస్ ఈ మైదానంలో దిగింది. గ్రీనిడ్జ్ 115, వివ్ రిచర్డ్స్ 149. మొత్తం 45 ఓవర్లలో 333. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా ఆయన ఎండలో కూర్చుని చూశారు.

“రిచర్డ్స్‌గాడు హెల్మెట్ ఎట్టుకోడు కదరా! నెత్తిన టోపీ, నోట్లో చూయింగ్ గమ్. మనోళ్ళ బంతులు కనపడ్డం లేదు, ఎక్కడెక్కడో పడ్తన్నాయి. ఓడిపోయినాం. అయినా ఎవడికీ ఏడుపు రాలేదు. అలాంటి ఆట చూసినాక ఏడుపేటి?”

ఆయన ఆగకుండా చెబుతున్నారు. ఏ గేటులోంచి లోపలికి వెళ్ళిందీ, టిక్కెట్టు డబ్బులు తన తండ్రి దగ్గర ఎలా సంపాదించిందీ. కొడుక్కి ఇందులో సగం తెలీదు. అతను గోడకి ఆనుకుని వింటున్నాడు, టీచరు మధ్యమధ్యలో ప్రశ్నలు అందిస్తున్నాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు తండ్రీకొడుకుల మధ్య పెగలని మాట ఒక పాత ఇన్నింగ్స్ సాయంతో పెగిలింది. సినిమా కబుర్లనీ, క్రికెట్ కబుర్లనీ కాలక్షేపం కింద కొట్టిపారేసేవాళ్ళు ఈ గోడ పక్కన నిలబడాలి. మనసు విప్పడం ఎవరూ నేర్పని ఇళ్ళల్లో, మనిషికి మనిషి దగ్గరయ్యే దారి చాలాసార్లు ఈ కబుర్లే.

ఫోన్ పెట్టేశాక ఆపరేటరు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

“ఆదివారం తీసుకొస్తాన్రా ఇక్కడికి. కూర్చున్న చోటు చూపిస్తానంటన్నాడు.”

“నేనూ వస్తాను. ఇంకోటి. ఆయన అడక్కపోయినా రేపు ఎన్ని హీట్లు పడ్డాయో చెప్పు.”

“చెప్తాను. రోజూ చెప్తాను.”

“రెండు వారాలు చూద్దాం. అప్పటికీ నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్దాం. ఇదే మ్యాచ్ గురించి మాట్లాడుకుంటూ వెళ్దాం.”