కోట గోడల ఆవల: ఖమ్మం దుర్గం, పాల్వంచ సంస్థానం, ఇల్లందు అటవీ సీమ

సామంత ప్రభువుల చరిత్రను వారి కోటల ఆధారంగా రాయడం స్థిరపడిన పద్ధతి. జపాన్‌లోని హిమేజీ దుర్గ చరిత్ర గాని, మన గోలకొండ చరిత్ర గాని ఇందుకు నిదర్శనాలు. ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవులకూ నడుమనున్న ఇల్లందు సీమకు ఈ పద్ధతిని అన్వయించినప్పుడు దాని పరిమితి తెలుస్తుంది. ఇక్కడ అధికారానికి రాతిగోడ కంటే అడవి, నది ప్రధానాధారాలయ్యాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

స్తంభాద్రి గుట్టపై ఉన్న ఖమ్మం దుర్గం కాకతీయుల అనంతరం పలువురి చేతులు మారింది. 16వ శతాబ్దిలో షితాబ్‌ఖాన్‌ను ఓడించి కులీ కుతుబ్‌షా దానిని గోలకొండ రాజ్యంలో కలుపుకున్నాడు. ముట్టడి జరిగిన ప్రతిసారీ కోటతోపాటు పాలకుడూ మారాడు.

పాల్వంచ సంస్థానం స్థితి ఇందుకు భిన్నం. అశ్వారావు వంశీయులు గోదావరి తీరపు అడవులలో పన్ను వసూలు చేసే మధ్యవర్తులుగా తమ స్థానాన్ని నిలుపుకున్నారు. అబుల్ హసన్ తానీషా కాలంలో కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా రావడం, గోలకొండకు ఈ సీమ ఆదాయంపై ఉన్న ఆసక్తిని సూచిస్తుంది. ఆసఫ్‌జాహీల కాలంలోనూ పాల్వంచ హైదరాబాదు సంస్థానాలలో ఒకటిగా కొనసాగింది.

ఈ అధికారాన్ని సడలించినవి ముట్టడులు కావు. 1860 ఒప్పందంతో గోదావరి ఎడమ తీరం ఆంగ్లేయులకు దక్కగా, భద్రాచలం ప్రాంతం నిజాం పాలన నుండి తొలగిపోయింది. 1874లో అది మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. 1871లో ఇల్లందు సమీపాన డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి ప్రారంభమైంది. దీనితో భూమిపైనున్న అడవికి తోడు భూగర్భం కూడా ఆదాయ వనరయింది. ఆ వనరుపై హక్కు కంపెనీది.

అదే 1871లో జపాన్ ప్రభుత్వం సామంత రాజ్యాలను ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసి, ప్రభువులకు భృతి కల్పించింది. హైదరాబాదు రాజ్యంలో ఆ పని 1949 జాగీర్ల రద్దు శాసనంతో జరిగింది. సంస్థానాలూ దాని పరిధిలోకి వచ్చాయి. ఇక్కడా ప్రభువులకు పరిహారం లభించింది. కానీ ఆ అడవిలో పోడు సాగు చేసుకున్న కోయలకు భూమిపై హక్కు ఏమిటన్న ప్రశ్న అక్కడితో తీరలేదు. 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన 1/70 సవరణ ఆ ప్రశ్నకు రాజ్యం ఆలస్యంగా ఇచ్చిన సమాధానాలు.

కనుక ఈ సీమ చరిత్రకు కోట శిథిలాలు మాత్రమే ఆకరాలు కాజాలవు. సంస్థానపు పన్ను లెక్కలు, అటవీ దస్త్రాలు, గని ఒప్పందాలు, కోయగూడేల మౌఖిక కథనాలు కలిపి చదివినప్పుడే ప్రభువుల చరిత్రతోపాటు ప్రజల చరిత్రా వెలుగులోకి వస్తుంది.