కాలిపోయిన కోట మళ్లీ ఎందుకు కట్టలేదు? టోక్యో నడిబొడ్డున ఎడో కోట కథ

ఈ ఎపిసోడ్‌లో టోక్యో వెళ్దాం. ఆఫీస్ టవర్లకి దగ్గర్లోనే, పచ్చిక మైదానం చివర ఒక పెద్ద రాతి దిమ్మె ఉంటుంది. ఎవరైనా ఎక్కొచ్చు. పైన మాత్రం ఏమీ ఉండదు. ఎందుకు లేదన్నదే ఇవాళ్టి కథ.

ఇది ఎడో కోట. 1457లో ఓటా డోకన్ అనే యోధుడు ఇక్కడ మొదట కోట కట్టాడు. 1603 నుంచి తొకుగావా షోగన్‌లు, అంటే చక్రవర్తి పేరు మీద దేశాన్ని నడిపిన సైనిక పాలకులు, ఇక్కడి నుంచే పాలించారు. 1638లో ఐదంతస్తుల ప్రధాన భవనం పూర్తయింది. ఊళ్లో ఎక్కడున్నా తలెత్తి చూడాల్సిందే. పవర్ అంటే అదీ!

1657లో ఘోరమైన అగ్నిప్రమాదం. ఎడో నగరంలో చాలా భాగం బూడిదైంది. లక్ష మంది దాకా చనిపోయారని చెప్తారు. కోట భవనం కూడా కాలిపోయింది. మళ్లీ కట్టడానికి పునాది దిమ్మె రెడీ చేశారు. అప్పుడు షోగన్‌కి బాబాయి వరస, సలహాదారు అయిన హోషినా మసయుకి అడ్డుచెప్పాడు. యుద్ధాలు లేని కాలంలో ఆ భవనం దూరం నుంచి చూడ్డానికే పనికొస్తుంది, ముందు ఊరిని నిలబెట్టాలి అన్నది ఆయన వాదన. పని అక్కడే ఆగింది. ఆ దిమ్మె ఇప్పటికీ ఖాళీయే.

అలాగని కోట జనానిదైపోలేదు. లోపల వంద మంది కాపలాదారుల కోసం కట్టిన పొడవాటి గార్డు హౌస్ ఇప్పటికీ ఉంది. 1868లో షోగన్‌ల పాలన పోయింది, పెద్ద యుద్ధం లేకుండానే కోట చేతులు మారింది. చక్రవర్తి క్యోటో నుంచి వచ్చాడు. ఓనర్ మారాడు, గేటు మాత్రం తెరుచుకోలేదు.

సరిగ్గా వందేళ్లకి, 1968 అక్టోబర్ 1న, కోట తూర్పు భాగాన్ని తోటగా చేసి అందరికీ తెరిచారు. దాదాపు 21 హెక్టార్లు, మన లెక్కలో 52 ఎకరాలు! టికెట్ లేదు. సోమ, శుక్రవారాలు సాధారణంగా సెలవు. జపాన్‌లోని ప్రతి రాష్ట్రం నుంచి వచ్చిన చెట్లూ అక్కడున్నాయి. చక్రవర్తి నివాసం ఉన్న పడమటి వైపు మాత్రం ఇప్పటికీ అలా నడుచుకుంటూ వెళ్లిపోలేం.

ఆ భవనాన్ని మళ్లీ కట్టాలనే వాళ్లు అక్కడ ఉన్నారు. కడితే టూరిస్టులు వస్తారు, నిజమే. కానీ నా ఓటు ఖాళీ దిమ్మెకే. రాజుల గొప్ప చెప్పే కోటలు ప్రపంచంలో బోలెడు. కోటకంటే ఊరే ముందు అనుకున్న రోజుకి గుర్తుగా నిలిచినవి ఎన్ని ఉంటాయి?

మీరైతే కడతారా, వదిలేస్తారా? కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!