ఊరి పోలీసు, ఊరి ఇన్సూరెన్సు

డాలస్ నడిబొడ్డున 2016 జూలై 7 రాత్రి ఐదుగురు పోలీసులు చనిపోయారు. నిరసన ప్రదర్శనకు వచ్చిన జనానికి బందోబస్తుగా నిలబడ్డవాళ్లను, ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన ఒకతను రైఫిల్‌తో కాల్చాడు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఇక్కడ అమెరికాలో ఒకే ఘటనలో అంతమంది పోలీసులు పోవడం అదే మొదలు. ఆ అంత్యక్రియల వీడియోలు మన ఊళ్లకూ చేరాయి. బారులు తీరిన మోటారు సైకిళ్లు, జెండా కప్పిన పెట్టెలు. "పోలీసంటే అక్కడ ఎంత మర్యాదో" అని ఫోన్లలో మనవాళ్లు మెచ్చుకున్నారు. మర్యాద నిజమే. కానీ పూలు వాడిపోయేలోగా ఆ ఇళ్లలో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంటుంది: పిల్లలకు జ్వరం వస్తే ఇక ఎవరి ఇన్సూరెన్సు మీద డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

మన దగ్గర కానిస్టేబుల్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. శ్రీకాకుళంలో చేసినా చిత్తూరులో చేసినా జీతం, పెన్షన్, ఆరోగ్య భద్రత అన్నీ ఒకే శాఖ కింద నడుస్తాయి. మనిషి పోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం అడుగుతారు. ఇక్కడ ఆ పద్ధతి లేదు, ఆ ఒకే శాఖా లేదు. దేశంలో దాదాపు 18 వేల పోలీసు విభాగాలున్నాయి. ఊరికో పోలీసు, కౌంటీకో షెరిఫ్, యూనివర్సిటీకి వేరే పోలీసు, చివరికి సిటీ బస్సులూ రైళ్లూ నడిపే సంస్థకూ సొంత పోలీసు. ఆ రాత్రి పోయిన ఐదుగురిలో నలుగురు డాలస్ నగరం ఉద్యోగులు, ఐదో ఆయన డార్ట్ అనే రవాణా సంస్థ ఉద్యోగి. చంపింది ఒకే మనిషి, జీతమిచ్చిన యజమానులు మాత్రం ఇద్దరు. ఇన్సూరెన్సు వచ్చేది ఆ యజమాని దగ్గర్నుంచే.

అసలు ఇన్సూరెన్సు యజమాని చేతిలోకి ఎలా పోయింది? ఆ కథలో మొదటి అధ్యాయం కూడా డాలస్‌దే. 1929లో ఇక్కడి బేలర్ ఆస్పత్రి బాధ్యతలు చూస్తున్న జస్టిన్ ఫోర్డ్ కింబాల్ అనే ఆయన, అంతకుముందు ఊరి స్కూళ్లకు సూపరింటెండెంటుగా చేసినవాడు. టీచర్లు ఆస్పత్రి బిల్లులు కట్టలేకపోవడం చూసి ఒక పథకం పెట్టాడు: నెలకు 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజులు ఆస్పత్రి ఖర్చు మాది. ఆ పథకమే పెరిగి బ్లూ క్రాస్ అయింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో ప్రభుత్వం జీతాలు పెంచకూడదని కట్టడి పెట్టింది కానీ, ఇన్సూరెన్సు ఇస్తే అది జీతం కింద లెక్క కాదంది. పనివాళ్లు దొరక్క అల్లాడుతున్న ఫ్యాక్టరీలు ఆ సందు పట్టుకున్నాయి. 1954 పన్ను చట్టం దానికి పన్ను మినహాయింపును ఖాయం చేసింది. యుద్ధకాలపు సర్దుబాటు కాస్తా దేశం అలవాటైంది. 1965లో 65 ఏళ్లు దాటినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. మధ్య వయసువాళ్లు, మధ్య తరగతివాళ్లు ఉద్యోగాన్నే నమ్ముకోవాలి. ముప్ఫై అయిదేళ్ల పోలీసు భార్య సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. అన్నట్టు, ఆ జూలై రాత్రి గాయపడ్డ పోలీసుల్లో కొందరిని తీసుకెళ్లింది ఆ బేలర్ ఆస్పత్రికే.

చాలాకాలం పాటు, పోయిన పోలీసు కుటుంబాన్ని చుట్టుపక్కలవాళ్లే చూసుకునేవారు. 1952లో డెట్రాయిట్‌లో విలియం ప్యాకర్ అనే కార్ల వ్యాపారి, చనిపోయిన పోలీసు భార్య కోసం వంద మంది స్నేహితులకు ఉత్తరాలు రాసి చందాలు పోగుచేశాడు. అలా పుట్టిన 'హండ్రెడ్ క్లబ్బు'లు ఇప్పటికీ చాలా ఊళ్లలో ఉన్నాయి. కేంద్రం కదిలింది 1976లో. అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో విధి నిర్వహణలో చనిపోయిన పోలీసు, ఫైర్ సిబ్బంది కుటుంబాలకు ఒకేసారి 50 వేల డాలర్లు దక్కాయి. ఇప్పుడది 4 లక్షలు దాటింది. 'విధి నిర్వహణ' అర్థమూ మెల్లగా పెరిగింది. డ్యూటీలో శ్రమపడి 24 గంటల్లోపు గుండెపోటుతో పోతే 2003 నుంచి లెక్కలోకి వచ్చింది. 2020లో కోవిడ్ మరణాన్ని, 2022లో డ్యూటీలో తిన్న మానసిక దెబ్బతో చేసుకున్న ఆత్మహత్యను కూడా చేర్చారు.

ఇంత చేసిన కేంద్రం ఊరి పోలీసు కుటుంబానికి వైద్య బీమా మాత్రం ఇవ్వలేదు. యజమాని ఇచ్చేదాంట్లో వేలు పెట్టడం ఇక్కడి చట్టసభ కాంగ్రెస్‌కు ఎప్పుడూ ఇబ్బందే. అందుకే అది పక్కదారిన వచ్చింది. 1990లలో ఫ్లోరిడాలోని ప్లాంటేషన్ అనే పట్టణంలో బందీలను విడిపించబోయిన అలు, ఒహారా అనే ఇద్దరు పోలీసులు మంటల్లో ఘోరంగా కాలిపోయారు. ప్రాణాలు దక్కాయి, ఉద్యోగం చేసే ఒళ్లు మిగల్లేదు. ఉద్యోగంతోపాటే ఇన్సూరెన్సూ పోయింది. గొడవ పెద్దదై వాళ్ల పేరనే ఫ్లోరిడాలో చట్టమొచ్చింది: ఇలా దెబ్బతిన్న పోలీసుకు, భార్యాపిల్లలకు మొత్తం ప్రీమియం యజమానే కట్టాలి. కేంద్రం కూడా అదే పేరు పెట్టి, ఇలా ఇవ్వని చోట్ల పోలీసు గ్రాంటులో కోత వేస్తామంది. 1997లో ఇల్లినాయ్ అలాంటి చట్టాన్నే గవర్నరు వీటో చేసినా కాదని గెలిపించుకుంది. అందులోని 'తీవ్ర గాయం' అంటే ఏమిటన్నది అక్కడి సుప్రీంకోర్టు 2003లో తేల్చాల్సి వచ్చింది. డబ్బు కట్టాల్సింది ఊరి మున్సిపాలిటీ కదా, ప్రతి మాటకూ కోర్టు తప్పలేదు.

ప్రాణమే పోతే ఏమిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో భర్త ఉన్నప్పటి షరతులతోనే బీమా కొనసాగాలి. మా టెక్సస్ 2015లో ఒకేసారి ఇచ్చే డబ్బును 5 లక్షల డాలర్లకు పెంచింది కానీ, ఇన్సూరెన్సు విషయంలో ఇచ్చింది కొనుక్కునే హక్కు. ఉద్యోగంలో ఉన్నవాళ్ల రేటుకే కొనుక్కోవచ్చు, కట్టుకోవడం మాత్రం పోయినవాడి భార్య పని. హింసకు బలైన పోలీసు భార్యకు ఫ్లోరిడాలో ప్రీమియమంతా యజమానిదే, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు. ఇల్లినాయ్‌లోనూ ఆ షరతుంది. కందుకూరి వీరేశలింగం పుట్టిన నేల నుంచి వచ్చినవాణ్ణి, ఆ వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న మనిషిని, బీమా కావాలో తోడు కావాలో తేల్చుకోమనడం సర్కారు ఖజానాకు లాభమేమో గానీ న్యాయం కాదు.

ఈ చట్టాలేవీ వర్తించని కుటుంబాలకు మిగిలేది కోబ్రా. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టమది. ఉద్యోగి చనిపోతే భార్యాపిల్లలు 36 నెలలపాటు అదే ప్లాన్‌లో ఉండొచ్చు, యజమాని వాటాతో సహా ప్రీమియం మొత్తం, పైన 2 శాతం కలిపి తామే కడితే. 2010 నాటి ఒబామా చట్టం వచ్చాక పాత రోగముందని కంపెనీలు తిరస్కరించడం ఆగింది, బజారులో ప్లాన్ కొనుక్కునే దారి దొరికింది. ఖర్చు సంగతి వేరే.

ఇక్కడ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లకు అక్షరాలా ఈ చివరి లెక్కే. హెచ్-1బి మీదున్న మనిషి పోతే వెనక ఏ పోలీసు చట్టమూ లేదు, హండ్రెడ్ క్లబ్బూ లేదు. భార్య వీసా కూడా అతని ఉద్యోగం మీద నిలబడ్డదే. మీ పిల్లలు ఇక్కడుంటే, టర్మ్ పాలసీ తీసుకున్నారో లేదో, అందులో నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో ఈసారి ఫోన్‌లో తప్పకుండా అడగండి.