లిక్విడ్ కూలర్: ఇందా ఎండల్లో డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు ఎంపిక

ప్రాసెసర్ దగ్గర పుట్టే వేడిని ద్రవంలోకి లాగి, ఆ ద్రవాన్ని రేడియేటర్‌కు పంపి, అక్కడి నుంచి గాలిలోకి వదిలేసే పరికరం లిక్విడ్ కూలర్. ఫ్యాక్టరీలోనే ద్రవం నింపి, సీలు చేసి, బిగించుకోవడమే తరువాయిగా అమ్మే రకాన్ని బజార్లో ఏఐఓ అంటారు. మామూలుగా దీన్ని విప్పడానికీ, మళ్లీ ద్రవం నింపడానికీ వీలుండదు. పంపు ఆగినా, ద్రవం తగ్గినా మొత్తం మార్చుకోవాల్సిందే. అందుకే కొనేముందు చూసుకోవాల్సినవి ఎక్కువ.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో ఇందా ఒక పేట. 1949లో మొదలైన ఖరగ్‌పూర్ కాలేజీ ఇక్కడే ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో చాలానే ఉన్నాయి. 2024 ఏప్రిల్ 30న పక్కనే ఉన్న కలైకుండలో 47.2 డిగ్రీల ఎండ నమోదైంది. ఏసీ లేని గదిలో గేమింగ్ కంప్యూటరో, వీడియో ఎడిటింగ్ కంప్యూటరో నడిపేవాళ్లకు కూలర్ విషయంలో మొదట లెక్కలోకి రావాల్సింది ఈ ఎండే. చల్లని దేశాల వాళ్లు రాసే సలహాల్లో ఇది ఉండదు.

పనిచేసే తీరు

ప్రాసెసర్ మీద ఆనే రాగి పలకకు లోపలివైపు వెంట్రుకంత సన్నని గాడులు చెక్కి ఉంటాయి. వాటి మధ్య నుంచి ద్రవం పారుతూ వేడిని తీసుకుంటుంది. చాలా మోడళ్లలో పంపు కూడా ఆ పలక మీదే, ఒకే డబ్బాలో ఉంటుంది. అక్కడి నుంచి రబ్బరు గొట్టం రేడియేటర్‌కు వెళుతుంది. రేడియేటర్ ఎక్కువగా అల్యూమినియంతో చేస్తారు. దాని పలచని రెక్కల మధ్య ఫ్యాన్లు గాలి తోలుతాయి. చల్లబడ్డ ద్రవం రెండో గొట్టంలో వెనక్కి వస్తుంది. ఖరగ్‌పూర్ డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసినవాళ్లకు ఈ అమరిక కొత్తది కాదు. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీరు రేడియేటర్‌లో ఫ్యాను గాలికి చల్లారి మళ్లీ ఇంజనులోకే చేరుతుంది. రెండింటిలోనూ వేడి చివరికి పోయేది బయటి గాలిలోకే.

ద్రవం అంటే నీరు, దానిలో కలిపిన గ్లైకాల్, తుప్పు పట్టకుండా వేసిన రసాయనాలు. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఆ రసాయనాలు దాన్ని ఆపుతాయి. ద్రవం తగ్గిందని ఎవరైనా మూత తీసి కుళాయి నీళ్లు పోస్తే ఆ రక్షణ పోయినట్టే.

నీటికి వేడి మోసే తాహతు చాలా ఎక్కువ. నిమిషానికి ఒక లీటరు చొప్పున తిరుగుతుందనుకుంటే, 250 వాట్ల వేడిని తీసుకున్నా ఆ నీరు ఒక చుట్టులో 4 డిగ్రీలు కూడా పెరగదు. ఇబ్బంది అంతా రేడియేటర్ దగ్గరే. అక్కడ గాలి ఎంత తగులుతుంది, ఆ గాలి ఎంత చల్లగా ఉంది అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి. పంపు మూత మీద బొమ్మలాడే చిన్న తెరకు పెట్టే డబ్బు రేడియేటర్ సైజు మీద పెడితే ఎండాకాలంలో ఉపయోగపడుతుంది.

గది వేడి లెక్క

ఏ కూలరైనా ప్రాసెసర్‌ను గది గాలికంటే ఇన్ని డిగ్రీల పైన ఉంచగలదు, అంతే. రివ్యూ చేసేవాళ్లు 20 నుంచి 25 డిగ్రీల గదిలో పరీక్షిస్తారు. 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 72 చూపిందంటే గాలికంటే 50 ఎక్కువన్నమాట. అదే కూలర్, అదే పని, మే నెల మధ్యాహ్నం ఇందాలో 38 డిగ్రీల గదిలో అయితే అంకె దాదాపు 88 అవుతుంది. రైజెన్ 7000 వరుసలో చాలా ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. రైజెన్ 7 7800ఎక్స్3డీకి అది 89 మాత్రమే. ఇంటెల్ 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లకు 100. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాలిపోదు కానీ, డబ్బు పోసి కొన్న వేగం చేతికి రాదు.

ఎండ దెబ్బ ద్రవం మీద కూడా పడుతుంది. చాలా ఏఐఓలలో ద్రవం 60 డిగ్రీలు దాటకూడదు. రేడియేటర్ చిన్నదై, ద్రవం గాలికంటే 15 డిగ్రీలు ఎక్కువగా నడుస్తోందనుకుందాం. గది 40 ఉంటే ద్రవం 55కు చేరినట్టే. రేడియేటర్‌ను క్యాబినెట్ పైకప్పుకు బిగించి, గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలినే దానిలోంచి తోలుతుంటే మిగిలిన 5 డిగ్రీలూ అక్కడే ఖర్చవుతాయి.

ఉక్క ఎక్కువ కాబట్టి గొట్టాల మీద చెమ్మ పడుతుందేమోనని కొందరు భయపడతారు. మామూలు ఏఐఓ దేన్నీ గది గాలికంటే చల్లగా చేయలేదు కాబట్టి చెమ్మ పట్టదు. 2020లో ఇంటెల్ క్రయో పేరుతో వచ్చిన, విద్యుత్తుతో గది కంటే తక్కువ వేడికి దింపే కూలర్ల సంగతి వేరు. ఇంత తేమ గాలిలో వాటి జోలికి పోకపోవడమే మంచిది.

అసలు అవసరమా

ఈ ప్రశ్నకు జవాబు ప్రాసెసర్ లాగే వాట్లలో ఉంది. రైజెన్ 5 7600 లాంటిది గరిష్ఠంగా 88 వాట్లు లాగుతుంది. దానికి ఏఐఓ వృథా. రైజెన్ 7 7800ఎక్స్3డీకి 162 వాట్ల దాకా అనుమతి ఉన్నా, గేముల్లో 100 లోపే నడుస్తుంది. రెండు టవర్లున్న మంచి ఎయిర్ కూలర్ దాన్ని ఇందా ఎండలోనూ మోస్తుంది. రైజెన్ 9 7950ఎక్స్ 230, కోర్ ఐ9 14900కే 253 వాట్లు లాగుతాయి. గంటలకొద్దీ రెండరింగ్ చేసేవాళ్లకు ఈ స్థాయిలోనే లిక్విడ్ కూలర్ నిజంగా పనికొస్తుంది.

అప్పుడు కూడా ముందు మదర్‌బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి చూడాలి. 7950ఎక్స్‌ను 105 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే లాగేది 142 వాట్లకు పరిమితమవుతుంది. కోల్పోయే వేగం తగ్గిన వేడితో పోలిస్తే చాలా స్వల్పం. కొన్ని మదర్‌బోర్డులు ఇంటెల్ చిప్‌లకు విద్యుత్ పరిమితిని ఎత్తేసి వచ్చేవి. 13, 14 తరాల చిప్‌లు తడబడటం మొదలయ్యాక 2024లో ఇంటెల్ తన డిఫాల్ట్ పరిమితులు పాటించమని బోర్డుల తయారీదారులకు చెప్పింది. బయాస్ అప్‌డేట్ చేసి ఆ పరిమితులు పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. కూలర్ కొనడం దాని తర్వాతి మాట.

ఎయిర్ కూలర్‌కు ఇంకో లాభం ఉంది. దాని ఫ్యాను గాలి సాకెట్ చుట్టూ ఉన్న వోల్టేజ్ రెగ్యులేటర్లకూ ర్యామ్‌కూ తగులుతుంది. ఏఐఓ పెడితే ఆ చోట గాలి ఆడదు. 40 డిగ్రీల గదిలో ఇది చిన్న విషయం కాదు. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ మోడళ్లలో పంపు మీద చిన్న ఫ్యాను అమర్చింది ఇందుకే. వేరే మోడల్ తీసుకునేవాళ్లు క్యాబినెట్ వెనక ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పకుండా ఉంచుకోవాలి.

సైజు, చోటు

రేడియేటర్‌ను ఫ్యాన్ల కొలతతో పిలుస్తారు. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, ముఖవైశాల్యం 288 చదరపు సెంటీమీటర్లు. 280కి 392, 360కి 432, 420కి 588. 240 నుంచి 280కి మారితే మూడో వంతుకు పైగా లాభం. 280 నుంచి 360కి దక్కేది పదో వంతే. క్యాబినెట్‌లో 140 ఫ్యాన్లకు చోటుంటే 280ని చిన్నచూపు చూడనక్కర్లేదు. 200 వాట్లు దాటే చిప్‌కు, ఏసీ లేని గదికి 360 గానీ 420 గానీ తీసుకోవాలి. 120 సైజు ఏఐఓ మంచి ఎయిర్ కూలర్‌తో కూడా పోటీపడలేదు కాబట్టి చిన్న క్యాబినెట్ బలవంతం ఉంటే తప్ప అక్కర్లేదు.

మందం కూడా కొలుచుకోవాలి. మామూలు రేడియేటర్ 27 మిల్లీమీటర్లు, ఫ్యాను 25, మొత్తం 52. ఆర్కిటిక్ రేడియేటర్ 38 కాబట్టి ఫ్యానుతో 63 అవుతుంది. పైన బిగిస్తే ఎత్తైన ర్యామ్ స్టిక్కులకో, మదర్‌బోర్డు హీట్‌సింక్‌కో తగులుతుంది. కొనకముందే టేపు పట్టి చూస్తే సరిపోతుంది.

ఎక్కడ బిగించాలనేదానికి రెండు కారణాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గొట్టం గోడల గుండా కొంత నీరు ఆవిరై పోతుంది, లోపల గాలి బుడగ తయారవుతుంది. వేడి చోట ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆ బుడగ వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తైన చోట చేరుతుంది. అది పంపు అయితే గలగలమంటూ వట్టిగా తిరిగి పాడైపోతుంది. కాబట్టి రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండి తీరాలి. పైకప్పుకు బిగిస్తే ఆ చింత లేదు. కానీ గ్రాఫిక్స్ కార్డు వేడి దానిలోంచే పోతుంది. ముందువైపు బిగించి బయటి గాలి పీలిస్తే ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు కాస్త వేడెక్కుతుంది. ఇందాలో ఎక్కువ వేడి చిమ్మేది ప్రాసెసరే అయితే ముందువైపు, గొట్టాలు కిందకు వచ్చేలా పెట్టడం మేలు. పెద్ద గ్రాఫిక్స్ కార్డుతో గేములాడేవాళ్లకు పైకప్పే నయం. క్యాబినెట్ అడుగున మాత్రం ఎవరూ బిగించకూడదు.

సాకెట్ అమరిక

రైజెన్ ప్రాసెసర్ల పాత సాకెట్ ఏఎం4కు వచ్చిన కూలర్లలో చాలావాటిని ఏఎం5కు వాడొచ్చు, కానీ మదర్‌బోర్డు వెనక పలకను తీసి తమది పెట్టే రకం సరిపోదు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700కు రంధ్రాల దూరం 78 మిల్లీమీటర్లు, అంతకుముందు సాకెట్లకు 75. పాత స్టాక్ కొంటుంటే డబ్బాలో 1700 బిగింపు ఉందో లేదో అడగాలి. 1851కు అదే సరిపోతుంది.

రాగి పలకకు అంటించిన పారదర్శక ప్లాస్టిక్ పొరను తీయకుండా బిగించేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. స్క్రూలు ఒక మూల బిగించాక దాని ఎదుటి మూల, కొద్దికొద్దిగా తిప్పాలి. పంపు వైరును బోర్డు మీద పంపు కోసమే ఉన్న పిన్నుకు తగిలించి పూర్తి వేగంలో ఉంచాలి. ఫ్యాన్ల వేగాన్ని మాత్రం వేడిని బట్టి మారనివ్వచ్చు.

ఎర్ర దుమ్ము

ఖరగ్‌పూర్ నేల ఎర్ర మొరం. ఒక వేసవి గడిచాక రేడియేటర్ ఫ్యాన్లు విప్పి చూస్తే గాలి పీల్చే ముఖం మీద ఇటుక రంగు నూగు పరుచుకుని ఉంటుంది. చేత్తో పట్టి లాగితే ముక్కలుగా ఊడివస్తుంది, అవతలి ముఖం మాత్రం కొత్తదానిలా మెరుస్తుంటుంది. ఇది ఫ్యాన్‌కూ రెక్కలకూ మధ్యన చేరుతుంది కాబట్టి బయటి జాలీ తుడిస్తే పోదు. పైనుంచి బ్లోయర్ కొడితే ఇంకా లోపలికి కూరుకుపోతుంది. ఫ్యాన్లు విప్పి, గాలి బయటికి వచ్చే వైపు నుంచి కొట్టాలి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బేరింగు చెడుతుంది. ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదరక ముందోసారి, దసరాకోసారి చేస్తే చాలు. ఇందాలో ఏఐఓ పనితీరు పడిపోయిందని మార్చేసే ముందు ఈ పని చేసి చూడాలి. చాలాసార్లు తప్పు దుమ్ముదే.

కంపెనీలు, చరిత్ర

పెద్ద కంప్యూటర్లను నీటితో చల్లబరచడం 1960ల నాటిదే. డెస్క్‌టాప్‌ల విషయానికొస్తే 2004లో ఆపిల్ తన పవర్ మ్యాక్ జీ5లో ద్రవ శీతలీకరణ పెట్టింది, వాటిలో కొన్ని కారాయి కూడా. పంపునూ రాగి పలకనూ ఒకే డబ్బాలో కలిపిన నమూనాకు డెన్మార్క్‌లోని ఆసెటెక్ పేటెంట్లు తీసుకుంది. 2009లో వచ్చిన కోర్సెయిర్ హెచ్50 దాని తయారీయే. ఆ పేటెంట్ల మీద 2014లో అమెరికా కోర్టులో కూలర్ మాస్టర్ ఓడిపోయింది. పంపును గొట్టం మధ్యలోనో, రేడియేటర్‌లోనో పెట్టిన నమూనాలు రావడానికి ఈ తగవులూ ఒక కారణం.

ఇందాకు దగ్గర్లోనే, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో, నీటితో చల్లబరిచే పద్ధతి చాలా పెద్ద స్థాయిలో ఉంది. 2022 మార్చిలో జాతికి అంకితమైన పరమ్ శక్తి సూపర్ కంప్యూటర్‌లో 17,680 ప్రాసెసర్ కోర్లున్నాయి. దాని డేటా సెంటర్‌లో ర్యాకుల వెనక తలుపుల్లోనే చల్లటి నీరు తిరుగుతుంది. సర్వర్లు వదిలిన వేడి గాలి ఆ తలుపు దాటేలోపే చల్లబడుతుంది. అక్కడ నీటిని చల్లబరిచే యంత్రం వేరే ఉంది. ఇంటి ఏఐఓకు ఉన్నది గది గాలి ఒక్కటే.

కొనడం, వారంటీ

ఖరగ్‌పూర్‌లో ఎంపిక తక్కువ కాబట్టి చాలామంది హౌరా లోకల్ ఎక్కి కోల్‌కతా చాందినీ చౌక్‌కు వెళతారు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. ఎక్కడ కొన్నా సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. వారంటీ ఐదారేళ్లుండటం చూసి సంతోషపడితే సరిపోదు. క్లెయిమ్ కోల్‌కతాలో తీసుకుంటారా, ముంబయికి కొరియర్ చేయాలా, ద్రవం కారి మదర్‌బోర్డు పోతే దాని ఖర్చు ఇస్తారా అన్నవి వారంటీ కాగితంలో చదవాలి. మంచి కంపెనీలకూ పొరపాట్లు తప్పవు. లిక్విడ్ ఫ్రీజర్ 2లో కొన్నిటికి రబ్బరు వాషరు వల్ల లీకయ్యే ప్రమాదం ఉందని 2022లో ఆర్కిటిక్ తానే ప్రకటించి, ఉచితంగా మార్చుకునే కిట్లు పంపింది. సెకండ్ హ్యాండ్ ఏఐఓ మాత్రం ఎంత చవకైనా వద్దు. లోపల ఎంత ద్రవం మిగిలిందో బయటికి కనిపించదు.

మరమ్మతు చేసే వీల్లేని వస్తువు కాబట్టి కంప్యూటర్ మీదే బతుకుతెరువు ఉన్నవాళ్లు చవకైన ఎయిర్ కూలర్ ఒకటి అటక మీద పెట్టుకోవడం మంచిది. ఏ పనీ చేయనప్పుడే ప్రాసెసర్ 80 దాటి, ఒక గొట్టం కాలుతూ రెండోది చల్లగా ఉంటే పంపు ఆగిందనో, లోపల దారి మూసుకుపోయిందనో అర్థం. వెంటనే షట్‌డౌన్ చేసి ఎయిర్ కూలర్ బిగించుకుంటే, కొరియర్‌లో వెళ్లిన ఏఐఓ తిరిగొచ్చేదాకా పని ఆగదు.