గిడుగువారికి మన బాకీ

చీపురుపల్లిలో రైలెక్కి ఈశాన్యంగా సాగితే, శ్రీకాకుళం రోడ్డు దాటిన పిమ్మట నౌపడా వస్తుంది. అక్కడ చీలిన శాఖామార్గం కొండలవైపుగా పర్లాకిమిడికి పోతుంది. పర్లాకిమిడి ప్రభువులు వేయించిన ఆ చిన్నరైలు 1900లో మొదలయింది. అంతకు ఇరవై సంవత్సరాల పూర్వమే, 1880లో, ఇంకా మీసకట్టయినా సరిగా రాని ఒక యువకుడు ఆ ఊరు చేరి, నెలకు ముప్పది రూపాయల జీతంమీద రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. చీపురుపల్లిలో తొలిచదువులు చదువుకొన్న గురజాడ అప్పారావుగారు విజయనగరంలో వారికి సహాధ్యాయి. వాడుకభాషకు గౌరవం సంపాదించిన మహనీయులుగా ఈ ఇద్దరు మిత్రులనూ మన మెరుగుదుము. అయితే రామమూర్తిగారు అంతకు ముందే చేపట్టిన మరొక సేవ ఉన్నది. దానిని మనం తగినంతగా స్మరించుట లేదు.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. కొండ దిగి సంతకు వచ్చిన సవరకు ఎదుటివాడు వేసిన లెక్క తెలియదు. కాగితంమీద ఏమి వ్రాశారో తెలియదు. కచేరీలో నిలబడితే తన మొర తన మాటలలో విన్నవించుకొనే వీలు లేదు. నోరుండీ మూగవాడైన మనిషికి చట్టం ఎన్ని హక్కులిచ్చినా ఏమి లాభం?

ఈ అన్యాయాన్ని రామమూర్తిగారు గుర్తించారు. వారు మొదట చేసిన పని ఉపన్యాసం కాదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తమ ఇంటనే ఉంచుకొని, తామే శిష్యులై సవరభాష నేర్చుకొన్నారు. ఆ పిమ్మట పాటలు, కథలు సేకరించారు, వాచకాలు కూర్చారు, సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టించమని కోరారట. అడవిదారులలో తిరిగి చలిజ్వరం తెచ్చుకొన్నారనీ, దానికి పుచ్చుకొన్న క్వినైనువలన వారికి చెవుడు వచ్చిందనీ పెద్దలు చెప్తారు. ఇతరుల పలుకు వినుటకై చెవులనే వెచ్చించిన మనిషి ఆయన!

1913లో ప్రభుత్వం రావు బహదూరు బిరుదమిచ్చింది. 1931లో వారి సవర వ్యాకరణం అచ్చయింది. పనికి పూనుకొన్ననాటికీ వ్యాకరణం వెలువడిన నాటికీ నడుమ ఎన్ని దశాబ్దాలో గమనించండి. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చినప్పుడు, దానిని గట్టిగా ప్రతిఘటించిన ఆ వృద్ధుడు, అర్ధశతాబ్దికి పైగా కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

హక్కుల నాయకుడనగానే ఊరేగింపులు, చెరసాలలు మనకు స్ఫురిస్తాయి. అవీ కావలసినవే. కాని పోరాడి సాధించిన హక్కు పేదవాని ఇంటికి చేరేది ప్రతిదినమూ ఎవరో ఒకరు చేసే చిన్నపనివల్లనే. ఇరవై ఒకటవ శతాబ్ది తొలి సంవత్సరాలలో రాష్ట్ర ప్రభుత్వం గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించినప్పుడు, సవరకూ అందులో చోటు దొరికింది. గిడుగువారు సొంత ఖర్చుతో మొదలుపెట్టిన పనికి ప్రభుత్వం పూనుకొనడానికి అంతకాలం పట్టింది.

ఏటేటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం. పటానికి పూలమాల వేస్తున్నాం. మంచిదే. కాని ఆ మరునాడు బడిలో ఒక పిల్లవాడు "ఏటి?" అని అడిగినప్పుడు అతని పలుకుకు నవ్వితే, ముందునాటి పూలమాలకు అర్థమేమున్నది? ఆ మాటను మన్నించి, అక్కడినుండే పాఠం ఆరంభించే ఉపాధ్యాయుడు గిడుగువారికి నిజమైన వారసుడు.

ఉపాధ్యాయులు కానివారికీ ఈ సేవలో పాలున్నది. చదువురాని పొరుగువారికి అర్జీ వారి మాటలలోనే వ్రాసిపెట్టవచ్చు. వచ్చిన కాగితం చదివి, అందులోని సంగతి దాచకుండా చెప్పవచ్చు. పనిమనిషి వెంట వచ్చిన పిల్లను సాయంకాలం ఒక గంటసేపు పలక ముందు కూర్చుండబెట్టవచ్చు. వీటికి సంఘాలు అక్కరలేదు, చందాలు అక్కరలేదు. గిడుగువారి బడీ వారి ఇంటిలోనే మొదలయింది. మన ఇంటి అరుగుమీద ఒక పలకకు చోటు లేకపోదు.