పద్నాలుగు చొక్కాల ఎడ్విన్ జాక్సన్

మొన్న ఇల్లు మారుతూ పాత ల్యాప్‌టాప్ బ్యాగు దులిపితే అడుగు నుంచి ఐదు ఐడీ కార్డులు పడ్డాయి. ఐదు ఊళ్ళు, ఐదుగురు క్లయింట్లు. ఒక కార్డు మీద నా పేరు స్పెల్లింగు తప్పు. సరిచేయించుకునేలోపే ప్రాజెక్టు అయిపోయింది. వాటిని నేల మీద వరసగా పేర్చి చూస్తుంటే, ఎప్పటినుంచో రాద్దామని వాయిదా వేస్తున్న ఒక మనిషి గుర్తొచ్చాడు. ఎడ్విన్ జాక్సన్, బేస్‌బాల్ పిచర్.

బేస్‌బాల్ చూడనివాళ్ళ కోసం: పిచర్ అంటే ఉజ్జాయింపుగా మన బౌలరే. అమెరికా మేజర్ లీగ్‌లో ఉన్నవి ముప్పై జట్లు. జాక్సన్ 2003 నుంచి 2019 దాకా వాటిలో 14 జట్లకి ఆడాడు. అతనికి ముందు ఇన్ని జట్లకి ఆడినవాడు లేడు. ఐపీఎల్‌లో తొమ్మిది జట్లు తిరిగిన ఆరన్ ఫించ్‌ని చూసి మనం నవ్వుకున్నాం కదా, జాక్సన్ ముందు ఫించ్ కదలని మనిషి!

ఇలాంటి ఆటగాణ్ణి ఇక్కడ జర్నీమన్ అంటారు. ఇందులో జర్నీ అంటే ప్రయాణం అనే చాలా రోజులు అనుకున్నాను. కాదు. ఫ్రెంచిలో ఒక రోజు పనిని సూచించే మాట నుంచి వచ్చింది. పాతకాలం యూరప్‌లో వడ్రంగమో కమ్మరమో నేర్చుకుని, శిష్యరికం పూర్తిచేసి, సొంత కొట్టు పెట్టుకునే స్థాయికి ఇంకా రాక రోజుకూలికి చేసేవాణ్ణి అలా పిలిచేవాళ్ళు. పని రానివాడు కాదు, పని బాగా వచ్చినవాడే. కొట్టు మాత్రం అతనిది కాదు.

జాక్సన్ పుట్టడమే సొంత దేశంలో కాదు. తండ్రి అమెరికా సైన్యంలో ఉద్యోగి. 1983 సెప్టెంబర్ 9న జర్మనీలోని నోయ్-ఉల్మ్‌లో పుట్టి, జార్జియాలోని కొలంబస్‌లో పెరిగాడు. 2001లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ తీసుకున్నారు. సరిగ్గా ఇరవయ్యో పుట్టినరోజున మొదటి మ్యాచ్. ఎదుటి పిచర్ రాండీ జాన్సన్, ఆ తరం పిచర్లలో అందరికంటే భయపెట్టే మనిషి. ఆయనకి మర్నాడు నలభై నిండుతాయి. ఆ రోజు గెలిచింది కుర్రాడే.

అలా మొదలైనవాడు డాడ్జర్స్‌లోనే స్థిరపడాలి. కానీ తర్వాతి రెండేళ్ళు కుదరలేదు. 2006 జనవరిలో టాంపా బేకి ట్రేడ్ చేసేశారు. అక్కణ్ణుంచి డెట్రాయిట్, అరిజోనా, షికాగో వైట్ సాక్స్, టొరంటో, సెయింట్ లూయిస్. 2006 నుంచి 2011 దాకా ఆరు ట్రేడ్‌లు. వీటిలో ఒక్కదానికీ అతని సంతకం అక్కర్లేదు.

ఇక్కడ కాస్త పాత కథ చెప్పాలి. ఒకప్పుడు జట్టు తీసుకున్న ఆటగాడు జీవితాంతం ఆ జట్టు సొత్తే. 1969లో సెయింట్ లూయిస్ వాళ్ళు, పన్నెండు సీజన్లు తమకి ఆడిన కర్ట్ ఫ్లడ్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేస్తే, కొనడానికీ అమ్మడానికీ నేను వస్తువును కానంటూ ఆయన కమిషనర్‌కి ఉత్తరం రాసి కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. ఆయన ఆట జీవితం దాంతో ముగిసిపోయినట్టే. కానీ ఆ మరుసటి ఏడాదే, లీగ్‌లో పదేళ్ళు ఆడి అందులో చివరి ఐదేళ్ళూ ఒకే జట్టులో ఉన్నవాడు ట్రేడ్‌కి వద్దనొచ్చని ఒప్పందంలో రాసుకున్నారు. 1975లో వచ్చిన మధ్యవర్తి తీర్పుతో జట్టు ఎంచుకునే స్వేచ్ఛ కూడా మొదలైంది. ఇప్పుడు ఆరేళ్ళ సర్వీసు నిండితే ఆ స్వేచ్ఛ వస్తుంది.

జాక్సన్‌కి పదేళ్ళయితే నిండాయి. ఒకే జట్టులో ఐదేళ్ళన్నది మాత్రం ఎన్నడూ లేదు. ఆ నియమం ఎక్కువగా తిరగనివాడికే పనికొస్తుంది, తిరిగేవాడికి అందదు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళకి ఈ రకం తర్కం విడమరచి చెప్పనక్కర్లేదు.

2010 జూన్ 25. జాక్సన్ అరిజోనా చొక్కాలో, పాత జట్టు టాంపా బే మైదానంలో బంతి వేస్తున్నాడు. గురి అసలు కుదరడం లేదు. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడుచుకుంటూ పోతాడు, దాన్ని వాక్ అంటారు. మొదటి మూడు ఇన్నింగ్స్‌లోనే ఏడు వాక్‌లు ఇచ్చాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఒక్కరూ అవుట్ కాకుండానే మూడు బేసులూ నిండిపోయాయి. అయినా పరుగు రాలేదు. చివరికి 149 బంతులు వేసి, ఎనిమిది వాక్‌లు ఇచ్చి, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 1-0తో గెలిచాడు. వంద దాటితే పిచర్‌ని దించేసే ఈ కాలంలో 149! నో-హిట్టర్ అంటే చాలామంది గొప్ప పిచర్లకి కూడా జీవితంలో దక్కనిది. నేను చూసిన రికార్డుల్లో ఇంత చిందరవందరగా ఉన్న నో-హిట్టర్ ఇంకోటి లేదు, నాకు ఇష్టమైనదీ ఇదే.

సరిగ్గా 35 రోజులకి అతన్ని షికాగోకి ట్రేడ్ చేశారు.

మరుసటి ఏడాది జూలై 27న ఇంకా విచిత్రం. వైట్ సాక్స్ వాళ్ళు టొరంటోకి ఇచ్చారు. అదే రోజు టొరంటో వాళ్ళు సెయింట్ లూయిస్‌కి ఇచ్చేశారు. టొరంటో చొక్కా వేసుకోకుండానే ఆ ఉద్యోగం అయిపోయింది. ఆ ట్రేడ్‌లో అతనితో పాటు వెళ్ళిన ఇంకో పిచర్ ఆక్టావియో డోటెల్. తర్వాత 13 జట్లతో రికార్డు పెట్టింది ఆయనే. రికార్డు పెట్టబోయేవాడూ, దాన్ని బద్దలుకొట్టబోయేవాడూ ఒకే మూటలో వెళ్ళారన్నమాట. ఇద్దరూ ఆ అక్టోబర్‌లో సెయింట్ లూయిస్‌తో వరల్డ్ సిరీస్ గెలిచారు.

ఇన్ని జట్లు వదులుకున్నాయంటే పనికిరానివాడని మనకి తోస్తుంది. నాకూ మొదట అలాగే తోచింది. తర్వాత లెక్కలు తీసి చూశాను. 2007 నుంచి 2013 దాకా ఏడేళ్ళూ, ఏడాదికి ముప్పైకి పైగా మ్యాచ్‌లు అతనే మొదలుపెట్టాడు. పిచర్ల భుజాలూ మోచేతులూ ఎంత తేలిగ్గా పాడవుతాయో తెలిసినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఐదు రోజులకోసారి తన వంతు వస్తే మనిషి అక్కడ ఉంటాడు. ఒక జట్టు ఇచ్చేసిన ప్రతిసారీ ఇంకో జట్టు ఏదో ఒకటి చెల్లించి మరీ తీసుకుంది. 2009 డిసెంబర్‌లో అతని కోసం అరిజోనా వదులుకున్నవాళ్ళలో మాక్స్ షెర్జర్ ఒకడు. ఆ షెర్జర్ తర్వాత మూడు సై యంగ్ అవార్డులు గెలిచాడు. 2017లో ఇద్దరూ వాషింగ్టన్‌లో ఒకే జట్టులో ఆడారు.

స్వేచ్ఛ వచ్చాక 2012లో వాషింగ్టన్‌కి ఒక్క ఏడాది ఆడాడు. 2013కి షికాగో కబ్స్ నాలుగేళ్ళకి 5 కోట్ల 20 లక్షల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. మొదటిసారి నాలుగేళ్ళు ఒకే చోటని కాగితం మీద పడింది. అక్కడే ఆట బాగా దెబ్బతింది. 2013లో 8 గెలుపులు, 18 ఓటములు. మరుసటి ఏడాది 6, 15. 2015 జూలైలో, ఇంకా ఏడాదిన్నర డబ్బు బాకీ ఉండగానే పంపించేశారు.

తర్వాత అట్లాంటా, మయామీ, శాన్ డియేగో, బాల్టిమోర్, మళ్ళీ వాషింగ్టన్. మధ్యమధ్యలో మైనర్ లీగ్. ఇక అయిపోయిందనుకున్న 2018లో ఓక్లాండ్ పిలిస్తే 6 గెలిచి 3 ఓడి, ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళడంలో తన వంతు సాయం చేశాడు. అది పదమూడో జట్టు. డోటెల్ సరసన నిలబడ్డాడు.

పద్నాలుగోది ఏదో తెలుసా? టొరంటో. 2011లో ఒక్క పూట కూడా ఉంచుకోని ఆ జట్టే 2019 మే నెలలో డబ్బిచ్చి తెచ్చుకుంది. మే 15న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎట్టకేలకు ఆ చొక్కా వేసుకుని మైదానంలోకి దిగాడు. ఆ ఏడాది ఆట బాగా సాగలేదు. టొరంటో వదిలేస్తే డెట్రాయిట్ మళ్ళీ తీసుకుంది. అక్కడితో మేజర్ లీగ్ ముగిసింది: 412 మ్యాచ్‌లు, 107 గెలుపులు, 133 ఓటములు. 2025లో రిచ్ హిల్ అనే ఇంకో పిచర్ కాన్సాస్ సిటీకి ఆడి 14 జట్ల లెక్కని సమం చేశాడు.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌లో అమెరికా 2-0తో జపాన్ చేతిలో ఓడింది. వెండి పతకాలు మెడలో వేసుకున్న ఆ జట్టులో, నెల రోజుల్లో 38 నిండబోతున్న జాక్సన్ కూడా ఉన్నాడు. ఆ సెప్టెంబర్‌లోనే ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు.

ఐడీ కార్డులు మళ్ళీ బ్యాగులోనే పెట్టేశాను. కొత్త క్లయింటు దగ్గర సోమవారం చేరాలి.